ఉయ్యాలల మైదానంలోంచి నేను లేపేసిన వాళ్లు

సికింద్రాబాదులో కార్ఖానా అనే పేట దగ్గరి పార్కుకి కొత్తగా సూపర్‌వైజరుగా వచ్చిన అమ్మాయి కిందటి నెల మా ఇంటికి వచ్చింది. నేను చాలా ఏళ్లు అదే పని చేశానని ఎవరో చెప్పారట. పచ్చిక ఎండిపోకుండా ఏం చేయాలి, కంచె మొక్కల్ని ఏ నెలలో కత్తిరించాలి అని అడిగింది. చెప్పాను. అన్నీ పుస్తకంలో రాసుకుంది, టీ తాగింది, దండం పెట్టి వెళ్లిపోయింది. ఆమె గేటు దాటగానే నాకు కాలు నిలవలేదు. వరండాలో అటూ ఇటూ తిరిగాను. నేను చెప్పినవన్నీ ఏ తోటమాలి అయినా చెప్పగలడు. అసలు ఆ ఉద్యోగం ఏమిటో మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్లతో, బదిలీలతో ఎవరికీ పని లేదు. హైదరాబాదు సంస్థానం చివరి ఏడాదిలోనూ, పోలీస్ చర్య తర్వాత కొద్ది వారాల్లోనూ జరిగినవి కొన్ని ఉన్నాయి. తర్వాత రిటైరయ్యేదాకా నేర్చుకున్నదంతా కలిపినా అప్పుడు నేర్చుకున్నంత ఉండదు. అందులో ఎక్కువ భాగం నా తప్పుల వల్ల నేర్చుకున్నదే.

నేను చూడనివి

మా నాన్న గుంటూరు వైపు నుంచి సికింద్రాబాదు మిషన్ బడిలో పంతులుగా వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను, ఇక్కడే చదువుకున్నాను. పార్కుల శాఖలో ఓవర్సీరుగా చేరేనాటికి నాకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది ఎస్తేరు, ఎనిమిదేళ్లు. చిన్నది రూతు, మూడేళ్లు. నా భార్య పేరు సుగుణ.

అప్పటి మా సూపరింటెండెంటు హకీముద్దీన్ సాబ్. అరవైకి దగ్గర పడ్డ మనిషి, సన్నగా, ఎప్పుడూ నలగని షేర్వానీలో ఉండేవారు. నేను మొదటి నెలంతా తిరిగి రాసిన రిపోర్టు ఆయన ముందు పెట్టాను. ఏ పార్కులో ఎన్ని బెంచీలు, ఎన్ని ఉయ్యాలలు, ఎన్ని చెట్లు, అన్నీ రాశాను. ఆయన మొత్తం చదివారు.

"మంచిగ రాసినవ్," అన్నారు. "సాయంత్రం నాలుగింటికి గీ బెంచీలల్ల ఎన్నిట్ల మీద ఎండ పడ్తది?"

"చూడలేదు సార్."

"ఆడోళ్లు ఏడ కూసుంటరు?"

అది నా రిపోర్టులో లేదు.

"చిన్న పిల్లకు దాహమైతే నల్లా అందుతదా?"

అదీ నాకు తెలియదు. ఆయన కోప్పడలేదు. రిపోర్టు మడిచి నా చేతికిచ్చారు.

"నీకు పిల్లలున్నరు గద. ఇత్వార్ నాడు ఇంటోళ్లను తీస్కపో. నౌకర్ లెక్క గాదు, బాప్ లెక్క పో. అటెన్క రాయి రిపోర్ట్."

నాకు నామోషీ అనిపించింది. పెళ్లాం పిల్లల్ని తీసుకెళ్లి ఉద్యోగం చేయడమేమిటి అనుకున్నాను. అయినా హుకుం కాబట్టి వెళ్లాను. ఆ ఆదివారం చర్చి నుంచి వస్తూ నలుగురం కార్ఖానా దగ్గరి చిన్న మైదానానికి వెళ్లాం. అక్కడ నాలుగు ఉయ్యాలలు, ఒక జారుడుబల్ల, ఒక పక్కన రేకుల షెడ్డు ఉండేవి. చుట్టుపక్కల వాళ్లు దాన్ని ఉయ్యాలల మైదానం అనేవాళ్లు. సుగుణ గేటు లోపల అడుగు పెట్టి ఆగిపోయింది.

"ఏమండీ, ఈ బెంచీలన్నీ రోడ్డుకి ఎదురుగా ఎందుకు వేశారు? దారిన పోయే ప్రతివాడూ మమ్మల్ని చూసుకుంటూ పోవాలనా?"

నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఈలోగా రూతు కెవ్వుమని ఏడ్చింది. జారుడుబల్ల మీద కూర్చోబెట్టాం కదా, ఇనప రేకు మధ్యాహ్నపు ఎండకి కాలిపోతోంది. పిల్ల తొడలు ఎర్రగా కందిపోయాయి. నా రిపోర్టులో ఆ జారుడుబల్ల ఎదురుగా 'బాగుంది' అని రాసి ఉంది.

ఆ తర్వాత ఆదివారాలన్నీ అలాగే గడిచాయి. నేరేడ్‌మెట్ వైపు, మౌలాలి రైల్వే కాలనీ వైపు, ఒక్కోసారి బస్సెక్కి హైదరాబాదు బాగే ఆం, అదే పబ్లిక్ గార్డెన్సు దాకా. ఇడ్లీల డబ్బా సుగుణ పట్టుకునేది, రూతుని నేను ఎత్తుకునేవాణ్ణి. ఎస్తేరు ముందు పరుగెత్తి నల్లా ఎంత ఎత్తులో ఉందో చెయ్యి చాచి చూసేది. ఏ పార్కులో పర్దా ఆడవాళ్లు వచ్చినట్టే వచ్చి వెంటనే జట్కా ఎక్కి వెళ్లిపోతున్నారో సుగుణే కనిపెట్టింది. నా తర్వాతి రిపోర్టు చదివి హకీముద్దీన్ సాబ్ నవ్వారు.

"ఇది నీ బీవీ రాసింది," అన్నారు.

కొక్కెం

నలభై ఎనిమిది ఎండాకాలం వచ్చేసరికి ఊరు ఊరులా లేదు. రజాకార్ల భయంతో జిల్లాల నుంచి జనం మూటలు నెత్తిన పెట్టుకుని మా స్టేషనుకి వచ్చేవారు, బెజవాడ రైలెక్కేవారు. గుంటూరు నుంచి మా బావమరిది ఉత్తరం మీద ఉత్తరం రాశాడు, పిల్లల్ని తీసుకుని వెంటనే వచ్చేయమని. సుగుణ ట్రంకుపెట్టెలో బట్టలు సర్దింది. ఆ పెట్టె మంచం కింద నెలల తరబడి సర్దినట్టే ఉంది. వెళదామా అంటుంది, సరే అంటాను. మర్నాడు వద్దంటాను. ఎస్తేరు గౌనుకోసం పెట్టె తెరవాలి, మళ్లీ మూయాలి.

నాకు ఇంట్లో నిలవబుద్ధి అయ్యేది కాదు, ఆఫీసులోనూ కాదు. సైకిలేసుకుని ఒక పార్కు నుంచి ఇంకో పార్కుకి తిరిగేవాణ్ణి. ఎంత తిరిగినా ఏం చూశానో నాకే తెలియదు. ఆ రోజుల్లోనే ఉయ్యాలల మైదానంలో ఉయ్యాలల కొక్కేలు చూసినట్టు సంతకం పెట్టాను. నిజానికి గేటు దగ్గర సైకిలు దిగకుండానే పెట్టాను. వారం తిరక్కుండా ఒక కొక్కెం తెగింది. జట్కావాడి కూతురు పడి మణికట్టు విరగ్గొట్టుకుంది.

హకీముద్దీన్ సాబ్ స్వయంగా వచ్చారు. మాలీలందరి ముందు నన్ను పిలిచారు.

"కూసో ఉయ్యాల మీద."

కూర్చున్నాను.

"ఊగు."

ఊగాను. అలా మిగిలిన మూడు ఉయ్యాలల మీదా నన్ను ఊగించారు. మైదానం మాలీ ఎల్లయ్య తల దించుకుని నేల చూస్తున్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. దిగాక ఆయన నన్ను పక్కకి తీసుకెళ్లారు.

"నీ దిల్ ఏడనో ఉంది. నాది సుత ఏడనో ఉంది. ఈ రోజులే గట్లున్నయి. గని చెయ్యి మాత్రం ఈడ ఉండాలె."

మేమిద్దరం కలిసి జట్కావాడి ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాం. మాట ఆయనే అన్నారు, తప్పు నాదైనా.

షెడ్డు

సెప్టెంబరులో పోలీస్ చర్య జరిగింది. ఐదు రోజులు విమానాల చప్పుడు, పుకార్లు, మూసిన తలుపులు. తర్వాత రేడియోలో అంతా అయిపోయిందన్న మాట. సికింద్రాబాదు వీధుల్లో జనం ఒకరినొకరు కౌగిలించుకున్నారు. సుగుణ ట్రంకుపెట్టె బయటికి లాగి బట్టలన్నీ దండెం మీద వేసింది. నేను కూడా సంతోషించాను. దాచడం ఎందుకు.

హకీముద్దీన్ సాబ్ మాత్రం ఆఫీసుకి రాలేదు. సెలవులో ఉన్నారన్నారు, తర్వాత ఇక రారన్నారు. ఆయన కుర్చీలోకి కొత్త సూపరింటెండెంటు వచ్చాడు. చురుకైన మనిషి, మాట తక్కువ. ఎవరి ఉద్యోగం ఉంటుందో ఎవరిది ఊడుతుందో తెలియని రోజులవి. ఆయన కంట్లో పడాలని మేమందరం తాపత్రయపడేవాళ్లం. నేను అందరికంటే ఎక్కువ.

ఇంతలో జిల్లాల నుంచి మళ్లీ జనం రావడం మొదలైంది. ఈసారి వచ్చినవాళ్లు ముస్లిములు. ఊళ్లలో తమ మీద కసి తీర్చుకుంటారేమోనన్న భయంతో పారిపోయి వచ్చినవాళ్లు. ఉయ్యాలల మైదానం షెడ్డులో నాలుగైదు కుటుంబాలు దిగాయి. ఎల్లయ్య వాళ్లకి నీళ్లు పట్టుకోనిచ్చాడు. నేనూ ఏమీ అనలేదు. ఒక ఆదివారం మేం నలుగురం వెళ్లినప్పుడు ఎస్తేరు ఆ షెడ్డు పిల్లల్లో ఒకమ్మాయితో చాలాసేపు ఆడింది. నేను కొక్కేలు చూసుకుంటున్నాను. ఆ అమ్మాయి వైపు తలెత్తి చూడలేదు.

మరుసటి మంగళవారం కొత్త సూపరింటెండెంటు నన్ను పిలిచాడు.

"రత్నం గారూ, ఎల్లుండి పై అధికారి తనిఖీకి వస్తున్నారు. ఆ పిల్లల మైదానంలో షెడ్డు రేపటికి ఖాళీ అవ్వాలి."

"అలాగే సార్," అన్నాను. వాళ్లు ఎక్కడికి వెళ్లాలని అడగలేదు. ఆ ఆలోచనే రాలేదు.

బుధవారం మధ్యాహ్నం వెళ్లాను. ఆకాశం మూసుకుని ఉంది. అందరూ లేవాలని గట్టిగా చెప్పాను. మగవాళ్లు మారుమాట లేకుండా మూటలు కట్టుకున్నారు. ఒకామె మాత్రం నా ముందుకి వచ్చింది.

"సాబ్, మా ఆయన ఈడికే వస్తనన్నడు. జెర నాల్గు దినాలు ఆగుండ్రి."

"ఇది పిల్లల మైదానం అమ్మా. ఇక్కడ ఉండకూడదు."

"మరి ఈళ్లు పిల్లలు గారా సాబ్?"

ఆమె చెయ్యి చాచి ఎటో చూపించింది. నేను అటు చూడలేదు. ఎల్లయ్య వైపు తిరిగి సామాను బయట పెట్టమన్నాను. వాడు కదలలేదు.

"వాన వస్తది సాబ్," అన్నాడు నెమ్మదిగా.

నాకు ఒళ్లు మండింది. నేనే వంగి ఆమె వంటకుండ తీసుకెళ్లి గేటు అవతల పెట్టాను. అరగంటలో షెడ్డు ఖాళీ అయింది. గేటుకి తాళం వేసి, సైకిలెక్కి ఆఫీసుకి వెళ్లి పని అయిపోయిందని చెప్పాను. సూపరింటెండెంటు తలూపాడు. ఆ తలూపుకి నాకు ప్రాణం లేచొచ్చింది. దారిలోనే వాన మొదలైంది, రెండు రోజులు వదలకుండా పడింది. తనిఖీకి ఎవరూ రాలేదు.

గుర్తురాని మొహం

పది రోజుల తర్వాత ఎల్లయ్య ఒక మనిషిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. శనివారం మధ్యాహ్నం. ఆ మనిషి చెప్పులు తెగిపోయి ఉన్నాయి, గడ్డం మాసి ఉంది.

"సాబ్, గీయన పేరు ఇమాం. దర్జీ. జనగామ దిక్కు ఊరు. షెడ్డుల ఉన్న ఖాజాబీ పెనిమిటి," అన్నాడు ఎల్లయ్య.

ఇమాం పెళ్లికి ముందు రెండేళ్లు కార్ఖానాలో ఒక దర్జీ దుకాణంలో పనిచేశాడట. సికింద్రాబాదులో అతనికి తెలిసిన జాగా ఉయ్యాలల మైదానం ఒక్కటే. దారిలో గుంపులో విడిపోయేముందు భార్యకి అదే చెప్పాడు, ఎవర్నడిగినా చూపిస్తారు, నేను వచ్చేదాకా అక్కడే ఉండు అని.

"మీరే లేపిన్రంట గద సాబ్. ఏడికి పోయిన్రు?"

"తెలియదు."

"ఎటు దిక్కు పోయిన్రో సుత తెల్వదా?"

గేటుకి తాళం వేసి వెళ్లిపోయానని ఎలా చెప్పను? అతను ఇంకోటి అడిగాడు.

"మా పోరనికి ఏడాది సుత నిండలె. తల్లి సంకల ఉండెనా? మంచిగుండెనా?"

నేను కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. ఆమె మాటలన్నీ గుర్తున్నాయి. వంటకుండ బరువు గుర్తుంది. ఆమె మొహం గుర్తు లేదు. సంకలో బిడ్డ ఉన్నాడో లేదో గుర్తు లేదు. నేను ఆమెతో మాట్లాడుతున్నంతసేపూ ఎటు చూశానో నాకు ఇప్పటికీ తెలియదు.

తలుపు దగ్గర నిలబడ్డ ఎస్తేరు ముందుకొచ్చింది.

"నాన్నా, ఈయన చాంద్‌బీ వాళ్ల నాన్నా? చాంద్‌బీకి ముందు పన్ను లేదు. పచ్చ పరికిణీ. తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకుని ఊగింది, నేనే ఊపాను. వాడు నవ్వుతూనే ఉన్నాడు."

ఇమాం అక్కడే గుమ్మంలో కూలబడి ఏడ్చాడు. సుగుణ నా వైపు చూసింది. నేను ఆమెకి షెడ్డు ఖాళీ చేయించిన సంగతే చెప్పలేదు.

"ఎవరు పంపించేశారు వాళ్లని?" అంది.

"నేనే."

ఆమె లోపలికెళ్లి ఇమాంకి అన్నం పెట్టింది.

సాయంత్రం నేను హకీముద్దీన్ సాబ్ ఇంటికి వెళ్లాను. ఆ వారాల్లో ఆయన ఇంటికి వెళ్తే కొత్తాయనకి తెలుస్తుందేమోనని నాకు ధైర్యం చాలలేదు, ఆ రోజు మాత్రం వెళ్లాను. జరిగింది చెప్పాను.

"మీరుంటే ఏం చేసేవారు సార్?"

"నేనున్నా లేపుతుంటినేమో. హుకుం అంటే హుకుం. గని ఏడికి పోతరని అడుగుతుంటి." తర్వాత గొంతు తగ్గించి అన్నారు. "నీళ్లు, నీడ ఏడుంటే పిల్లల తల్లులు ఆడికే పోతరు. అయి ఏడున్నయో ఊర్ల నీకంటె ఎవలకు ఎరుక? పో, దేవులాడు. ఒక్కనివి పోకు. నీకు మొకాలు గుర్తుండవ్. నీ బిడ్డను తీస్కపో."

మూడు ఆదివారాలు

మర్నాడే బయల్దేరాం. నేను, సుగుణ, ఇద్దరు పిల్లలు, ఇమాం. ఎక్కడ మొదలుపెట్టాలని సుగుణ అడిగితే దగ్గర కాబట్టి నేరేడ్‌మెట్ అన్నాను. ఆ రోజంతా ఆ వైపున్న ప్రతి ఖాళీ స్థలం, ప్రతి నల్లా, ప్రతి చెట్టునీడ తిరిగాం. ఆడవాళ్ల గుంపు కనిపిస్తే సుగుణ వెళ్లి కూర్చుని మాట కలిపేది. పిల్లలు కనిపిస్తే ఎస్తేరు వెళ్లేది. నేనూ ఇమామూ దూరంగా నిలబడేవాళ్లం. ఎస్తేరు తల అడ్డంగా ఊపుకుంటూ తిరిగి వచ్చేది. మళ్లీ నడక.

వారంలో మిగిలిన రోజులు ఇమాం ఒక్కడే తిరిగేవాడు. నేను ఆఫీసు నుంచి ఏదో సాకుతో బయటపడి సైకిలు మీద తిరిగేవాణ్ణి. కానీ నాకు తెలిసిన మొహం లేదు కదా. పచ్చ పరికిణీ వేసుకున్న పిల్ల కనిపిస్తే చాలు, పన్ను ఉందో లేదో నోరు తెరిచి చూపించమని అడగాలనిపించేది.

రెండో ఆదివారం బాగే ఆంకి వెళ్లాం. అంత పెద్ద తోట, నాలుగు వైపులా జనం. కంచె పక్కన ఎన్నో కుటుంబాలు దిగి ఉన్నాయి. ఒక చౌకీదారు కర్ర ఊపుతూ వాళ్లని లేపుతున్నాడు. "ఇక్కడ ఉండకూడదు" అని వాడు అంటుంటే ఆ గొంతు నాదే అనిపించింది. నేను వెళ్లి వాడి చెయ్యి పట్టుకున్నాను. వాడు నన్ను నెట్టేశాడు. నువ్వెవరని అడిగాడు. ఏం చెప్పను? తిరిగి వచ్చాను. మధ్యాహ్నానికి ఎస్తేరు కాళ్లు బొబ్బలెక్కాయి, అయినా ఇంటికి వెళదామనలేదు. రూతు నిద్రపోతే ఇమాం భుజాన వేసుకున్నాడు. వద్దన్నా దింపలేదు. బస్సు దిగి ఇంటికొచ్చేదాకా అతని భుజం మీదే ఉంది.

మూడో ఆదివారం రైలెక్కి మౌలాలి వెళ్లాం. గుట్ట కింద దర్గా మెట్ల దగ్గర జనానికి అన్నం పెడుతున్నారని ఎవరో చెప్పారు. స్టేషను దిగి కాలనీ మీదుగా నడుస్తున్నాం. కాలనీ పిల్లల మైదానంలో ఉయ్యాలలు ఊగుతున్నాయి. కంచె బయట ఒక పిల్ల కడ్డీలు పట్టుకుని లోపలికి చూస్తూ నిలబడి ఉంది.

"చాంద్‌బీ!" అని అరిచింది ఎస్తేరు.

ఆ పిల్ల తిరిగింది. ముందు ఎస్తేరుని చూసింది, మొహం విప్పారింది. తర్వాత నన్ను చూసింది. అంతే, గుట్ట వైపు పరుగు తీసింది. తండ్రి నా వెనక నిలబడ్డాడు కాబట్టి అతన్ని చూడనే లేదు. నేను రెండడుగులు ముందుకు వేశాను.

"మీరు ఆగండి," అంది సుగుణ నా చొక్కా పట్టుకుని. "మిమ్మల్ని చూసే పారిపోతోంది."

ఎస్తేరు, ఇమాం పరుగెత్తారు. నేను ఆగి, చాలాసేపటికి మెల్లగా వెనక వెళ్లాను. గుట్ట మొదట్లో రెండు పెద్ద బండల మధ్య నీడలో ఖాజాబీ ఉంది. ఇమాం కూతుర్ని గట్టిగా పట్టుకుని ఉన్నాడు. అటూ ఇటూ చూస్తున్నాడు.

"పోరడేడి?" అన్నాడు.

ఆమె గుట్ట వాలు వైపు చెయ్యి చూపించింది. ఈసారి ఆ చెయ్యి ఎటు చూపిస్తోందో చూశాను. వాలు మీద చిన్న మట్టిదిబ్బ, దాని మీద నాలుగు రాళ్లు.

వానలో రెండు రోజులు తడిశారట. చలిజ్వరం పట్టింది, తగ్గింది, మళ్లీ పట్టింది. పోయి పది రోజులైంది. నేను లెక్క వేసుకోకుండా ఉండలేకపోయాను. మేం మొదటిసారి వెతకడానికి బయల్దేరిన ఆదివారం వాడు బతికే ఉన్నాడు. దగ్గర కదా అని నేను నేరేడ్‌మెట్ అన్నాను.

ఖాజాబీ తలెత్తి నన్ను చూసింది. "ఈయననే గద లేపింది," అంది.

"ఈయననే మిమ్ముల దేవులాడిచ్చిండు," అన్నాడు ఇమాం.

"రెండు ఈయననే," అంది ఆమె.

మీకూ ఆ హుకుం వస్తుంది

ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్లకి ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఖాళీ చేయించమన్న హుకుం మీకూ వస్తుంది. ఎవరో ఒకరు ఎప్పుడూ పార్కులోనే తలదాచుకుంటారు. హుకుం ధిక్కరించమని నేను చెప్పను. నేను ధిక్కరించలేదు, కాబట్టి మీకు చెప్పే అర్హత నాకు లేదు. ఆ బిడ్డ వాన వల్లే పోయాడా అంటే, ఏ డాక్టరూ చూడలేదు. నాకు తెలియదు. తెలియదు కాబట్టి నా తప్పు లేదని మాత్రం అనుకోలేకపోయాను.

ఇంకో మాట నిజం చెప్పాలి. ఆ రోజు నన్ను కదిలించింది హుకుం కాదు, భయం. పాత పెద్దాయన ఉద్యోగం పోయింది, కొత్తాయనకి నేను పనిమంతుడిలా కనిపించాలి. ఒక్క రోజు గడువు అడిగి ఉంటే ఆయన కాదనేవాడో లేదో. అడగలేదు. తర్వాత ఆయన కింద నాలుగేళ్లు పనిచేశాను. మరీ కాఠిన్యం ఉన్న మనిషేమీ కాదు. అడిగితే ఒప్పుకునేవాడేమో అని ఆ నాలుగేళ్లూ అనుకుంటూనే ఉన్నాను.

ఆ తర్వాత ఎవర్ని లేపినా ముందు పక్కన నేల మీద కూర్చున్నాను. పేరు అడిగాను, పిల్లలెందరో చూశాను, ఎక్కడికి వెళ్తారో కనుక్కున్నాను, ఎవరైనా వెతుక్కుంటూ వస్తే ఏం చెప్పాలో రాసుకున్నాను. అరగంట పట్టే పనికి రెండు రోజులు పట్టేది. ఆఫీసులో నన్ను నిదానపు మనిషి అనుకునేవారు. అనుకోనివ్వండి. పార్కుకి సెలవురోజు ఇంటివాళ్లతో వెళ్లండి. ఇంట్లో పిల్లలు లేకపోతే పక్కింటి పిల్లల్ని తీసుకెళ్లండి. మీరు చూడనివి వాళ్లు చూస్తారు.

మౌలాలి స్టేషను

ఇమాంకి రైల్వే కాలనీలో ఒక దర్జీ దుకాణంలో కుట్టుమిషను ముందు చోటు దొరికింది. దుకాణం వెనక ఒక గది ఇచ్చారు. తర్వాతి ఆదివారం నేనొక్కణ్ణే వెళ్లాను. ఇంట్లో ఉండలేకపోయాను. ఏం చెయ్యాలో, ఏం అనాలో తెలియకుండానే వెళ్లాను.

ఖాజాబీ గది ముందు బియ్యం కడుగుతోంది. ఇమాం దుకాణంలో ఉన్నాడు. నేను నిలబడ్డాను. ఆమె చూసింది, మళ్లీ బియ్యం వైపు తిరిగింది.

"బాబు పేరేమిటమ్మా?" అన్నాను.

నీళ్లు ఒంపేసి, మళ్లీ పోసి, మళ్లీ కడిగింది. అప్పుడు చెప్పింది.

"యాకూబ్."

"యాకూబ్," అన్నాను నేను.

చాంద్‌బీ తలుపు వెనక నుంచి సగం మొహం బయటపెట్టింది. నన్ను కాదు, నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూస్తోంది.

"ఎస్తేరు రాలేదా?" అంది తల్లితో, నాతో కాకుండా.

నేను జవాబు చెప్పేలోగా ఖాజాబీ లేచింది. గిన్నె పొయ్యి మీద పెట్టింది. నా వైపు తిరగకుండానే అంది.

"ఆ పోరిని పంపు సాబ్. మీ ఇంటామెను సుత పంపు. నువ్వైతే రాకు."

అలాగే చేశాను. ఎన్నో ఆదివారాలు వాళ్ల ముగ్గుర్నీ రైల్లో తీసుకెళ్లి దుకాణం ఉన్న వీధి మొదట్లో వదిలేసేవాణ్ణి. పిల్లలు పరుగెత్తుకుంటూ వెళ్లిపోయేవారు. సుగుణ ఒకసారి వెనక్కి తిరిగి చూసి వెళ్లేది. నేను స్టేషనుకి తిరిగి వచ్చి, వాళ్లు వచ్చేదాకా, ప్లాట్‌ఫారం ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూ ఉండేవాణ్ణి.